తగ్గిన బరువు మళ్లీ పెరుగుతోంది, డాక్టరు గారు గ్రూపులో చేరమంటున్నారు. చేరనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీకు 43 ఏళ్లు, స్కూల్లో టీచరు. నిరుడు ఎనిమిది నెలలు కష్టపడి 88 కిలోల నుంచి 74కి వచ్చారు. ఈ ఏడాది మెల్లగా ఎక్కుతూ ఇప్పుడు 78 దగ్గర ఉన్నారు. షుగర్‌కి రెండు రకాల మాత్రలు వాడుతున్నారు. మీరు చూపించుకునే డాక్టరు గారు తన క్లినిక్‌లోనే పదిహేను రోజులకోసారి బరువు తగ్గినవాళ్లందరినీ కూర్చోబెట్టి మాట్లాడిస్తున్నారు, మిమ్మల్నీ రమ్మన్నారు. "పదిమంది ముందు కూర్చుని నా లావు గురించి చెప్పుకుంటే బరువు ఆగుతుందా? అందులో కొత్తగా తెలిసేది ఏముంది, అన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి కదా" అన్నది మీ అనుమానం.

చేరండి. అక్కడ కొత్త విషయాలు తెలుస్తాయని కాదు, మీరన్నట్టు విషయాలన్నీ మీకు తెలుసు. మీరు రెండు కిలోలు పెరిగినప్పుడు గమనించే మనిషి ఒకరు, మీరు కనిపించకపోతే ఫోన్ చేసే మనిషి ఒకరు కావాలి. గ్రూపు ఇచ్చేది అదే. ఆ రెండూ లేని గ్రూపయితే మాత్రం మీ ఆదివారం పొద్దు వృథా. అది ఎలా కనిపెట్టాలో కింద చెబుతాను.

నేను పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక చిన్న పట్టణంలో ఇరవై రెండేళ్లుగా జనరల్ ప్రాక్టీసు చేస్తున్నాను. తొమ్మిదేళ్లుగా క్లినిక్ మేడ మీద ఇలాంటి గ్రూపు నడుపుతున్నాను. చదివినదానికంటే అక్కడ చూసి నేర్చుకున్నదే ఎక్కువ, కాబట్టి అదే రాస్తాను.

ముందు ఒక మాట. మీ ఉత్తరం నిండా "అంతా పోయింది" అన్న బాధే ఉంది. లెక్క చూద్దాం. 14 కిలోలు తగ్గారు, 4 తిరిగి వచ్చాయి, 10 ఇంకా మీ దగ్గర లేవు. అంటే మొదటి బరువులో పదకొండు శాతానికి పైగా తగ్గే ఉన్నారు. అమెరికాలో లుక్ అహెడ్ అని షుగర్ ఉన్నవాళ్ల మీద ఒక పెద్ద పరిశీలన జరిగింది, మొత్తం 5,145 మంది. అందులో గ్రూపు మీటింగులతో గట్టిగా శిక్షణ పొందినవాళ్లు మొదటి ఏడాది సగటున 8.6 శాతం తగ్గారు. ఎనిమిదేళ్ల తరవాత చూస్తే వాళ్లలో సగం మందే 5 శాతం, లేదా అంతకన్నా ఎక్కువ, నిలబెట్టుకోగలిగారు. ఎంత సాయం ఉన్నా పరిస్థితి అది. మీరు ఒంటరిగా ఇక్కడి దాకా వచ్చారు. కాబట్టి మీ మొదటి లక్ష్యం మళ్లీ 74కి దిగడం కాదు. మూడు నెలలు 78 దాటకుండా నిలబడటం. దిగే సంగతి ఆ తరవాత. ఈ క్రమం తిరగేసినవాళ్లు మళ్లీ కఠినమైన డైట్‌లోకి దూకి, రెండు నెలలకు విసిగి, 82 దగ్గర తేలడం నేను చాలాసార్లు చూశాను.

ఎందుకు పెరుగుతుంది అనేది కూడా తెలిసి ఉండాలి. ఎందుకంటే మన ఇళ్లలో దీనికి ఒకటే కారణం చెబుతారు, "నోరు కట్టుకోలేవు" అని. బరువు తగ్గాక ఒంట్లో ఆకలి పుట్టించే రసాయనాలు పెరుగుతాయి, కడుపు నిండిందని చెప్పేవి తగ్గుతాయి. ఆస్ట్రేలియాలో 50 మందికి పది వారాల పాటు చాలా తక్కువ కేలరీల తిండి పెట్టి తగ్గించి, ఏడాది తరవాత మళ్లీ రక్తపరీక్షలు చేశారు. 2011లో ఆ ఫలితాలు వచ్చాయి. ఏడాది గడిచినా ఆ రసాయనాలు పాత స్థాయికి రాలేదు, ఆకలీ తగ్గలేదు. ఇంకో లెక్క ప్రకారం తగ్గిన ప్రతి కిలోకీ ఒంటి ఖర్చు రోజుకు 20, 30 కేలరీలు పడిపోతుంది, ఆకలి మాత్రం 100 కేలరీల దాకా పెరుగుతుంది. పది కిలోలు తగ్గిన మనిషి ఎంత ఆకలితో పోట్లాడుతున్నాడో ఊహించండి. మీది బద్ధకం కాదు. ఒళ్లు తన పాత బరువు తనకు కావాలని అడుగుతోంది. రోజూ అడుగుతుంది, ఏళ్ల తరబడి అడుగుతుంది.

అందుకే తగ్గడం ఒక పని, తగ్గినదాన్ని నిలబెట్టుకోవడం ఇంకో పని. తగ్గేటప్పుడు ఉత్సాహం ఉంటుంది. జాకెట్లు వదులవుతాయి, పెళ్లిలో కనిపించినవాళ్లంతా "ఏంటండీ ఇంత సన్నబడ్డారు" అంటారు, తూకం వారం వారం దిగుతుంది. నిలబెట్టుకునేటప్పుడు ఇవేవీ ఉండవు. తూకం కదలకపోవడమే గెలుపు. దానికి చప్పట్లు కొట్టేవాళ్లెవరూ ఉండరు. గ్రూపు అవసరం సరిగ్గా ఇక్కడే పడుతుంది, కానీ చాలా గ్రూపులు సరిగ్గా ఇక్కడే మూసేస్తారు.

నేనూ ఆ తప్పు చేశాను. మొదటి బ్యాచ్‌ను 12 వారాలు నడిపాను. చివరి రోజు అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చి, గ్రూపు ఫోటో తీయించి, ఇంటికి పంపాను. అందరూ బాగా తగ్గారు, నాకూ గర్వంగా ఉంది. మరుసటి ఏడాది వాళ్లలో చాలామంది జ్వరానికో బీపీ మాత్రలకో వచ్చినప్పుడు తూకం వేస్తే పాత బరువుకు దగ్గరగా ఉన్నారు. కొందరు తూకం ఎక్కడానికే ఇష్టపడలేదు. ఒకావిడ "మీరు ఆపేశారు కదండీ" అంది. ఆ మాట నిజం. ఇంగ్లండులో ఇదే ప్రశ్న మీద 1,267 మందితో చేసిన పరిశీలన 2017లో వచ్చింది. మామూలు క్లినిక్‌ల నుంచి కొందరికి ఒక పుస్తకమూ చిన్న సలహా మాత్రమే ఇచ్చారు, కొందరిని 12 వారాల గ్రూపుకు, కొందరిని 52 వారాల గ్రూపుకు పంపారు. ఏడాది చివర చూస్తే సలహా పొందినవాళ్లు సగటున 3.26 కిలోలు, 12 వారాలవాళ్లు 4.75, ఏడాది పొడుగునా వెళ్లినవాళ్లు 6.76 కిలోలు తగ్గి ఉన్నారు. గ్రూపు ఆగిపోయిన రెండో ఏడాదిలో మూడు వర్గాలూ కొంత పెరిగాయి. అది చదివాక నా గ్రూపుకు చివరి తేదీ పెట్టడం మానేశాను. ఇప్పుడు మొదటి మూడు నెలలు వారం వారం, తరవాత ఆరు నెలలు పదిహేను రోజులకోసారి, ఆపైన నెలకోసారి, రాగలిగినంత కాలం. ఆరేళ్లుగా వస్తున్నవాళ్లు ఉన్నారు.

యాప్ చాలదా అని అడిగారు. యాప్ వల్ల చెడేమీ లేదు, రాసుకోవడానికి పనికొస్తుంది. కానీ దీన్ని సూటిగా పోల్చి చూసినవాళ్లు ఉన్నారు. 2006లో అమెరికాలో వచ్చిన స్టాప్ రీగెయిన్ పరిశీలనలో, సగటున 19 కిలోలు తగ్గిన 314 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు పోస్టులో కాగితాలు, ఒక జట్టుకు ఇంటర్నెట్‌లో సాయం, ఒక జట్టుకు ఎదురెదురుగా కూర్చునే గ్రూపు మీటింగులు. ఏడాదిన్నర తరవాత 2.3 కిలోలు, లేదా అంతకన్నా ఎక్కువ, పెరిగినవాళ్లు కాగితాల జట్టులో 72 శాతం, ఇంటర్నెట్ జట్టులో 55, మనుషుల మధ్య కూర్చున్న జట్టులో 46. గ్రూపులో కూడా దాదాపు సగం మంది పెరిగారన్నది దాచను. కానీ 72కీ 46కీ మధ్య తేడా చిన్నది కాదు.

ఆ పరిశీలనలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం రంగులు. నేనూ అదే వాడుతున్నాను, మన కిలోలకు మార్చి. గ్రూపులో చేరిన రోజు బరువు మీ గీత. గీత మీద కిలోన్నర లోపల ఉంటే పచ్చ, ఏమీ మార్చనక్కర్లేదు. కిలోన్నర నుంచి రెండు దాకా పసుపు, ఆ వారం ఏం జరిగిందో చూసుకుని ఒక్క విషయం సరిచేయాలి. రెండు దాటితే ఎరుపు, మొదట తగ్గేటప్పుడు ఏం చేశారో అవన్నీ మళ్లీ మొదలుపెట్టాలి, నాకో మా సిస్టర్‌కో ఫోన్ చేయాలి. బ్రిటన్‌లో మామూలు ఫ్యామిలీ డాక్టర్ల క్లినిక్‌లలోనే నర్సులు, డైటీషియన్లు నడిపిన డైరెక్ట్ అనే మరో పరిశీలనలోనూ (అది గ్రూపు కాదు, ఒక్కొక్కరితో విడిగా చేశారు) రెండు కిలోలు తిరిగి రాగానే ఆదుకునే ఏర్పాటు ముందే రాసి పెట్టుకున్నారు. ఇద్దరూ విడివిడిగా ఆ రెండు కిలోల దగ్గరికే వచ్చారు. రెండు కిలోలు పదిహేను రోజుల జాగ్రత్తతో దిగుతాయి. ఏడు కిలోలయ్యాక వస్తే మళ్లీ మొదటి నుంచి యుద్ధం.

దానికి తూకం ఇంట్లో ఉండాలి. పొద్దున్నే బాత్రూముకు వెళ్లొచ్చాక, కాఫీకి ముందు, రోజూ ఒకే చోట. ఒక్కరోజు అంకె చూసి కంగారు పడకండి. ముందురోజు ఆవకాయ, అప్పడాలు గట్టిగా తగిలినా, నెలసరి దగ్గరపడ్డా కిలో అటూ ఇటూ అవుతుంది, అది నీరు. వారం సగటు చూడండి. రోజూ చూసుకుంటే మనసు పాడవుతుందనే మనుషులు ఉంటారు, వాళ్లకు వారానికోసారి చాలు.

ఇక గదిలో ఏం జరుగుతుంది? మాది ఆదివారం పొద్దున ఆరున్నరకు, గంటసేపు. పన్నెండు నుంచి పదిహేను మంది. వచ్చినవాళ్లను మా సిస్టర్ ఒక్కొక్కరినీ పక్క గదిలో తూకం వేసి, బీపీ చూసి, పుస్తకంలో రాస్తుంది. ఆ అంకె ఎవరికీ చెప్పం. మొదట్లో నేను అందరి ముందూ తూచేవాణ్ణి, ఉత్సాహం వస్తుందని. ముగ్గురు ఆడవాళ్లు మూడోవారం నుంచి రాలేదు. అది నా బుద్ధితక్కువ. ఇప్పటికీ వాళ్లలో ఒకరు కనిపిస్తే నాకు ఇబ్బందిగానే ఉంటుంది. తరవాత అరగంట మాటలు, "ఈ రెండు వారాల్లో ఏం కష్టమైంది" అని. లెక్చరు పది నిమిషాలు దాటదు. చివర్లో ప్రతి ఒక్కరూ వచ్చే మీటింగు దాకా చేసే ఒక్క పని పైకి చెబుతారు. "తగ్గించుకుంటానండి" అంటే ఒప్పుకోం. "రాత్రి అన్నం రెండోసారి వడ్డించుకోను" అనాలి.

మీరనుకునే "నా లావు గురించి చెప్పుకోవడం" ఆ గంటలో దాదాపు ఉండదు. మాటలన్నీ వంటింటి గురించే. శ్రావణ శుక్రవారం పేరంటాలకు వెళ్తే బూరె వద్దని ఎలా అనాలి, అత్తగారు వేసే నెయ్యి ఎలా ఆపాలి, రాత్రి తొమ్మిదింటికి ఆయన షాపు నుంచి వచ్చి బిర్యానీ పొట్లం విప్పితే ఏం చేయాలి. ఈ ప్రశ్నలకు నా దగ్గర ఉన్న జవాబుల కంటే పక్క కుర్చీలో ఉన్నవాళ్ల జవాబులే బాగుంటాయి.

ఒక ఉదాహరణ చెబుతాను. రైస్ మిల్లులో లెక్కలు చూసే ఒకాయన, 50 దాటారు. 12 కిలోలు తగ్గి, మళ్లీ నెలకు కిలో చొప్పున పెరుగుతున్నారు. భోజనం నేను నాలుగుసార్లు విచారించాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. థైరాయిడ్ పరీక్ష చేయించాను, బాగానే ఉంది. ఒక ఆదివారం గ్రూపులో రిటైరైన ఆర్టీసీ కండక్టరు గారు ఆయన్ని అడిగారు, "మిల్లుకు వచ్చే పార్టీలతో రోజుకు ఎన్ని టీలు తాగుతారండీ?" ఆరు. ఒక్కోదానిలో రెండు చెంచాల పంచదార. పంచదారే రోజుకు సుమారు 200 కేలరీలు, పాలు వేరే. డాక్టరు అడిగినప్పుడు మనిషి భోజనం చెబుతాడు, టీ చెప్పడు. అది తిండి లెక్కలోకి వస్తుందని ఆయనకు తట్టలేదు, అడగాలని నాకు తట్టలేదు. ఆ కండక్టరు గారు డ్యూటీలో ఉన్నన్నాళ్లూ బస్టాండుల్లో అదే చేశారు కాబట్టి ఆయనకు తట్టింది.

రెండోది ఇంకా ముఖ్యం. టైలరింగ్ చేసుకునే ఒకావిడ 11 కిలోలు తగ్గి రెండేళ్లు నిలబెట్టుకుంది. ఉన్నట్టుండి రెండు మీటింగులకు రాలేదు. మేం ఫోన్ చేస్తే "సీజను, కుట్టు పని ఉంది" అంది. గ్రూపులో ఆమెతోపాటు వాకింగ్ చేసే అక్క నమ్మక ఇంటికి వెళ్లింది. భర్తకు ఆపరేషన్ అయింది, ఆవిడ నెల రోజులు హాస్పిటల్ వరండాలోనే ఉంది, హోటల్ ఇడ్లీ, పూరీ, రాత్రి నిద్ర లేదు. మూడు కిలోలు పెరిగింది, ఆ మొహంతో రావడానికి సిగ్గుపడింది. తరవాతి ఆదివారం ఇద్దరూ కలిసి వచ్చారు. ఆ మూడు కిలోలు దిగడానికి రెండు నెలలు పట్టింది. నేను ఇన్నేళ్లలో గమనించింది ఇదే: గ్రూపు మానేసేది విసుగొచ్చినవాళ్లు కాదు, బరువు పెరిగినవాళ్లు. అందరికంటే ఎక్కువ అవసరం ఉన్నప్పుడే రావడం మానేస్తారు. కాబట్టి రాని మనిషి గురించి ఏం చేస్తారన్నదే గ్రూపుకు అసలు పరీక్ష. మా దగ్గర ఇప్పుడు అందరికీ జత ఉంటుంది. ఒక్క మీటింగు తప్పినా జతవాళ్లు ఆ సాయంత్రమే కబురు కనుక్కుంటారు.

మీరూ ఈ మాట ముందే మనసులో పెట్టుకోండి. ఒకరోజు తప్పకుండా వస్తుంది, "ఈసారి పెరిగాను, వచ్చే నెల తగ్గాక వెళ్తాను" అనిపించే రోజు. ఆ రోజే వెళ్లాలి.

మీ డాక్టరు గారి గ్రూపు మంచిదో కాదో ఎలా తెలుస్తుంది? వెళ్లి అడగండి, తప్పు లేదు. ఎన్నాళ్లు నడుస్తుంది? ఏడాదికి తక్కువైతే, ఆ తరవాత ఏమిటని అడగండి. బరువు చాటుగా చూస్తారా? అక్కడి మాట బయటికి పోకూడదన్న ఒప్పందం ఉందా? చిన్న ఊళ్లలో ఇది చాలా అవసరం, గదిలో ఎవరో ఒకరు మీ వియ్యాలవారి తరఫు చుట్టం అయి ఉంటారు. ప్రతిసారీ అవే మొహాలు ఉంటాయా, లేక రోజుకో కొత్త గుంపా? ఆడవాళ్లకు విడిగా ఉంటే, నన్నడిగితే మొదటి ఏడాది అదే మేలు. మగవాళ్లు ఉన్న గదిలో నెలసరి ఆగే వయసు ఇబ్బందుల గురించి, నిద్ర గురించి, ఇంట్లో మాటల గురించి ఎవరూ నోరు విప్పరు.

అన్నిటికంటే ముందు అడగాల్సింది: "ఇక్కడ ఏమైనా అమ్ముతారా?" ఇప్పుడు మన ఊళ్లలో వీధి వీధినా "వెల్‌నెస్ సెంటర్", "న్యూట్రిషన్ క్లబ్" బోర్డులు ఉన్నాయి. పొద్దున్నే పిలిచి, ఉచితంగా తూకం వేసి, ఒక షేకు గ్లాసు ఇస్తారు. వారంలో డబ్బా కొనిపిస్తారు, నెలలో మిమ్మల్నే ఇంకో నలుగుర్ని చేర్చమంటారు. అక్కడ కూడా పలకరింపు ఉంటుంది, చప్పట్లు ఉంటాయి, అందుకే మొదట్లో తగ్గుతారు కూడా. కానీ డబ్బా కొనడం ఆపిన రోజున ఆ పలకరింపు ఆగిపోతుంది, ఇంట్లో ఏం వండుకుని తినాలో మాత్రం తెలియకుండానే మిగిలిపోతారు. క్లినిక్‌లో గ్రూపుకు మామూలు ఫీజు తీసుకోవడం తప్పు కాదు, నేనూ తీసుకుంటాను. పొడి, డబ్బా, టీ పొట్లం కనిపిస్తే మాత్రం లేచి వచ్చేయండి.

నడక గురించి క్లుప్తంగా. తగ్గడానికి వారానికి 150 నిమిషాలు చాలంటారు, నిలబెట్టుకోవడానికి 200 నుంచి 300 దాకా కావాలి. అంటే రోజుకు అరగంట నుంచి ముప్పావు గంట. అమెరికాలో 13 కిలోలకు పైగా తగ్గి కనీసం ఏడాది నిలబెట్టుకున్నవాళ్ల వివరాలు 1994 నుంచి ఒక రిజిస్టరులో పెడుతున్నారు. వాళ్లలో పదింట తొమ్మిది మంది సగటున రోజుకు గంట వ్యాయామం చేస్తామని చెప్పారు. ఎక్కువమంది చేసేది నడకే. మీరు రోజంతా నిలబడి పాఠం చెబుతారు కదా, అది నడక కిందికి రాదు. వారానికి రెండుసార్లు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, నీళ్ల సీసాలు ఎత్తడం లాంటివి కూడా చేయండి. బరువుతోపాటు కండ కూడా పోతుంది, 40 దాటిన ఆడవాళ్లకు అది తిరిగి రావడం కష్టం.

చిరుధాన్యాల మాట కూడా అడిగారు. కొర్రలు, సామలు మంచివే, పీచు ఎక్కువ. కానీ గుప్పెడు కొర్రలకూ గుప్పెడు బియ్యానికీ కేలరీల్లో పెద్ద తేడా లేదు. "మిల్లెట్ కదా" అని రెండు ప్లేట్లు తినేవాళ్లను నేను ప్రతి నెలా చూస్తాను. కంచంలో కూర, పప్పు ముందు వడ్డించుకుని అన్నం తరవాత పెట్టుకోండి. కొన్నేళ్ల కింద మన ప్రాంతంలో కొబ్బరినూనె తాగే డైటు ఊరూరా సాగింది, దానితో త్వరగా తగ్గి మా దగ్గరికి వచ్చినవాళ్లు ఉన్నారు. త్వరగా తగ్గడం నేరం కాదు. డైరెక్ట్ పరిశీలనలో కూడా రోజుకు సుమారు 850 కేలరీలే పెట్టి త్వరగానే తగ్గించారు, ఏడాదికి 46 శాతం మందికి షుగర్ మందులు లేకుండానే అదుపులోకి వచ్చింది. కానీ రెండో ఏడాదికి ఆ అంకె 36కి దిగింది, అక్కడ అంత పర్యవేక్షణ ఉండి కూడా. పర్యవేక్షణ లేని చోట సంగతి మీరే ఊహించుకోండి.

గ్రూపు అందరికీ సర్వరోగ నివారిణి అని చెప్పను. కేరళలో తిరువనంతపురం జిల్లాలో షుగర్ వచ్చే ప్రమాదం ఉన్న వెయ్యి మందిని తీసుకుని, వాళ్లలో సగం మందికి ఊరివాళ్లనే నాయకులుగా పెట్టి ఏడాది పాటు గ్రూపులు నడిపారు. 2018లో ఫలితాలు వచ్చాయి. తిండి అలవాట్లు కొంత మెరుగయ్యాయి, కానీ షుగర్ రావడంలో గట్టిగా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అదే చెన్నైలో 578 మందిలో సగం మందికి వారం వారం తరగతులు పెట్టి, బరువు లక్ష్యాలు ఇచ్చి, అవసరమైనవాళ్లకు మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర కూడా కలిపితే మూడేళ్లలో షుగర్ వచ్చే ముప్పు 32 శాతం తగ్గింది. నాకు అర్థమైనంతవరకు, కలిసి కూర్చోవడం ఒక్కటే చాలదు. తూకం, లక్ష్యం, వెనకాల ఒక డాక్టరు, అవసరమైతే మందు, ఇవన్నీ కలవాలి. అందుకే గ్రూపు క్లినిక్‌లో ఉండటం మీకు కలిసొచ్చే విషయం.

కొందరికి గ్రూపు కంటే ముందు వేరే పని ఉంటుంది. నెలలోనే నాలుగైదు కిలోలు పెరిగి, కాళ్లు వాచి, ఆయాసం ఉంటే అది కొవ్వు కాకపోవచ్చు, గుండె, కిడ్నీ చూడాలి. స్టెరాయిడ్లు, కొన్ని మానసిక వైద్యం మందులు, ఇన్సులిన్, కొన్ని షుగర్ మాత్రలు బరువు పెంచుతాయి. మందు చీటీలు ఒక్కసారి మీ డాక్టరు గారి ముందు పరిచి చూపించండి. రాత్రిళ్లు ఒంటరిగా ఆపుకోలేక తినేసి తరవాత ఏడవడం, వాంతి చేసుకోవడం ఉన్నవాళ్లకు గ్రూపులో తూకం ఇంకా హాని చేస్తుంది, వాళ్లను నేను ముందు సైకియాట్రిస్టు దగ్గరికి పంపుతాను. గర్భంతో ఉన్నవాళ్లను చేర్చుకోం.

బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి మీరు అడగలేదు కానీ త్వరలో అడుగుతారు, ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. టిర్జెపటైడ్, బరువు కోసం సెమాగ్లూటైడ్ 2025లో మన దేశంలోకి వచ్చాయి. బాగా పనిచేస్తాయి, అవసరమైనవాళ్లకు నేనూ రాస్తున్నాను. కానీ సెమాగ్లూటైడ్ ఆపేసినవాళ్లను చూస్తే ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది. ఇంజెక్షన్ తీసుకుంటున్నా ఆపినా, ఆ రెండు కిలోల దగ్గర పట్టుకునే మనిషి కావాల్సిందే. మా గ్రూపులో ఇప్పుడు ఇంజెక్షన్ మీద ఉన్నవాళ్లూ లేనివాళ్లూ పక్కపక్కనే కూర్చుంటున్నారు.

క్లినిక్‌లో గ్రూపు లేని ఊళ్లవాళ్లు ఇది చదువుతుంటే, మీ ఊళ్లో డ్వాక్రా సంఘం ఎటూ నెలనెలా కూర్చుంటుంది. ఒక తూకం కొని, విలేజ్ క్లినిక్‌లోనో పల్లె దవాఖానాలోనో ఉన్న సిస్టర్ను నెలకోసారి రమ్మని అడగండి. పొదుపు లెక్క తప్పితే ఇంటికెళ్లి అడిగే అలవాటు ఆ అక్కలకు ముందే ఉంది, దీనికి కావలసింది కూడా అదే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం ఆడవాళ్లు ఉండాల్సినదానికంటే ఎక్కువ బరువున్నారు. ఇంతమందికి సరిపడా డైటీషియన్లు ఎక్కడినుంచి వస్తారు? మనుషులు మనుషులకే అక్కరకు రావాలి.

మొదటి మీటింగుకు వెళ్లేటప్పుడు వారం రోజుల పొద్దుటి తూకాలు, మీ మందు చీటీ, గత మూడు షుగర్ రిపోర్టులు పట్టుకెళ్లండి. మీరు రాసిన రెండు మాత్రల్లో ఒకటి గ్లిమెపిరైడ్. ఎరుపులోకి వెళ్లారని రాత్రి భోజనం తగ్గించి అది మాత్రం అలాగే వేసుకుంటే తెల్లవారుజామున షుగర్ పడిపోయి చెమటలు, వణుకు వస్తాయి. తిండి మార్చే ముందు ఆ మోతాదు సంగతి డాక్టరు గారిని అడగండి. అదే రోజు, గ్రూపు మొదలయ్యేలోపే అడగండి.